మచ్చ పడని చీర

నాగేంద్రమ్మ షెడ్డులోకి ఇనుము రాకూడదన్నది నియమం. రంగు మరిగేది రాగి కాగులో, కలియబెట్టేది వెదురు కర్రతో, చీరలు ఆరేది కొబ్బరి తాడు మీద. వేసవిలో ఆవకాయకు కాయలు కొట్టే రోజు వచ్చిందంటే, అక్కడ పనిచేసే ఆడవాళ్లందరూ మామిడి బెరడు రంగు చీరలను విప్పి మడతపెట్టి, మిల్లు చీరలు కట్టుకున్న తరువాతే కత్తి ముందు కూర్చునేవారు. పుల్లటి రసంతో తడిసిన ఇనుము ఆ రంగుకు తగిలితే, తగిలినంత మేరా సిరా ఒలికినట్టు నల్లబడుతుంది. ఆ నలుపు ఏ సబ్బుకూ లొంగదు. ముసునూరు చుట్టుపక్కల ఈ సంగతి తెలియని ఇల్లాలు లేదు. రసాయన శాస్త్రం బోధించి రిటైరైనదాన్ని కనుక, బెరడులోని వగరుకూ ఇనుముకూ పడదన్న కారణం కూడా నాకు తెలుసు.

యోగితకు ఈ నియమాన్ని మొదటి రోజే చెప్పాము. ఆమె విని, "వావ్ ఆంటీ, ఎంత బాగుందో!" అని ఫోనులో రికార్డు చేసుకుంది. విన్నదాన్ని గుర్తుంచుకోవలసిన అవసరం ఆమెకు తరువాత కలగలేదు. ఎందుకు కలగలేదన్నదే ఈ కథ.

యోగిత హైదరాబాదులో చీరల వ్యాపారం చేస్తుంది. తన బ్రాండుకు 'ఆమ్రవర్ణ' అని పేరు పెట్టుకుంది. నేలకు హాని చేయని రంగు, పనివారికి అన్యాయం చేయని నేత, చదువుకున్న ఆడవారు గర్వంగా కట్టుకోగల అందం, ఈ మూడూ తన చీరలో ఉన్నాయని ఆమె చెప్పుకొంటుంది. కాపు ముగిసి, తోటల్లో కొమ్మలు కత్తిరించే రోజుల్లో ఆమె నాగేంద్రమ్మను వెతుక్కుంటూ వచ్చింది. కొట్టేసిన కొమ్మల నుంచి బెరడు వలిచి, పటిక వేసి, నూలు చీరలకు ముదురు తేనె రంగు తెప్పించడం నాగేంద్రమ్మ తన అత్తగారి దగ్గర నేర్చుకున్న పని. తన వీధిలోని ఆడవాళ్లను పోగుచేసి, తోటలోనే షెడ్డు వేసి, ఆ పనిని ఒక జీవనంగా నిలబెట్టింది. యోగిత మొదటి విడత చీరలు తీసుకుంది. కాగు పక్కన నిలబెట్టి నాగేంద్రమ్మకు ఫొటో తీసింది. పక్క పన్ను కనిపించేలా నవ్వే ఆ నవ్వును చిన్న లేబుల్ మీద అచ్చు వేయించి, ప్రతి చీర కొంగు మూలనా కుట్టించింది.

రెండో విడత చీరలు తీసుకోలేదు. ఫోను చేస్తే, "డిజైన్లు మారుతున్నాయమ్మా, చెప్తాను" అన్నది. ఆ తరువాత ఫోను ఎత్తలేదు. అయినా ఆమ్రవర్ణ చీరలు మాత్రం అమ్ముడవుతూనే ఉన్నాయి. అదే తేనె రంగు, అదే లేబుల్, అదే నవ్వు. కింద అక్షరాలు కూడా అవే: 'నూజివీడు మామిడి బెరడుతో, ఏ రసాయనమూ లేకుండా, ఈ అమ్మ చేతుల మీదుగా.' ఆ చీరలు ఎక్కడి మిల్లులో రంగు పోసుకుంటున్నాయో ఈ అమ్మకు తెలియదు.

"పోనీలెండి టీచరు గారూ, మన పని మనం చేసుకుందాం" అన్నది నాగేంద్రమ్మ. ఆమె మాట మన్నించి నేను ఊరుకున్నాను. విస్సన్నపేటలో జరిగిన ఒక పెళ్లి దాకా ఊరుకున్నాను.

ఆ పెళ్లి భోజనాల్లో మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాము. పప్పు వడ్డిస్తుండగా, విజయవాడ నుంచి వచ్చిన మాధురి అనే ఆమె నాగేంద్రమ్మ ముఖాన్ని పరీక్షగా చూసి, లేచి వచ్చి ఎదురుగా నిలబడింది. హ్యాండుబ్యాగులోంచి లేబుల్ తీసి ఆకు పక్కన పెట్టింది.

"ఈ ఫొటో మీదే కదండీ?"

"నాదేనమ్మా."

"మా అమ్మాయి రెండు పూటలు కట్టుకుంది మీ చీర. నడుం చుట్టూ దద్దుర్లు. చెమటకి రంగు దిగి ఒళ్లంతా పసుపు పచ్చ. ప్రకృతి రంగని మీ మొహం చూసి కొన్నానండీ. ఇంత పెద్దావిడ, అబద్ధం ఆడుతుందా అనుకున్నాను."

బంతిలో కూర్చున్నవారందరూ తలలు తిప్పి చూశారు. అది తన చీర కాదని నాగేంద్రమ్మ చెప్పలేకపోయింది, ముఖం తనదైనప్పుడు ఎలా చెబుతుంది? అన్నం కలిపిన చేయి అలాగే పెట్టుకుని, విస్తరి ముందునుంచి లేచిపోయింది. ఆమె అలా లేవడం నేను ఎన్నడూ చూడలేదు. మరునాటికి షెడ్డులో పొయ్యి ఆరిపోయింది. రాగి కాగును బోర్లించింది. కూలికి వచ్చిన కనకమ్మను, "ఇంక లేదులేవే, వెళ్లు" అని పంపించేసింది. గుమ్మం దాటి బయటికి రావడం మానేసింది.

మాధురి ఊరు వెళ్లేలోగా నేను ఆమెను కలిసి జరిగినది చెప్పాను. ఆమె సిగ్గుపడి, క్షమాపణ చెప్పడానికి వస్తానన్నది. అప్పుడే వద్దని, నేను పిలిచినప్పుడు ఆ చీర పట్టుకుని రమ్మని చెప్పాను.

నేను చదివిన కాన్వెంటులో కుట్టు నేర్పే సిస్టర్‌కు ఒక పద్ధతి ఉండేది. తప్పు కుట్టు వేసిన పిల్లను క్లాసు ముందు కూర్చోబెట్టి, ఆ పిల్ల చేతనే ప్రతి కుట్టూ విప్పించేది. మరొకరు సాయం పట్టకూడదు. యోగితకు కావలసినది అదేనని నేను నిశ్చయించుకున్నాను.

అవకాశాన్ని ఆమే పంపించింది. మే నెలలో ఒకరోజు నేను నాగేంద్రమ్మ ఇంట్లో ఉండగా ఆమె మేనేజరు వినోద్ కారులో వచ్చాడు. విస్సన్నపేట రోడ్డులోని ఒక తోట బంగళాలో ఆమ్రవర్ణ వేసవి ఉత్సవం జరుపుతున్నారట. ముఖ్యమైన ఖాతాదారులు, పెద్ద షోరూముల వారు వస్తారట. లేబుల్ మీద ఉన్న అమ్మ ఎదురుగా కూర్చుని ఆవకాయ ముక్కలు కొడితే చాలా బాగుంటుందట.

"నేను రాను" అని నాగేంద్రమ్మ లోపలినుంచే అన్నది.

"వస్తుంది" అన్నాను నేను. "కానీ నాయనా, స్టీలు కత్తి పెట్టకండి. ఆవిడ అత్తగారి నాటి ఇనుప కత్తి ఉంది, అది తెస్తాం. మీ మేడమ్ కూడా తన చీర కట్టుకుని పక్కన కూర్చుని కాయ కొట్టాలి. యజమానురాలు దూరంగా నిలబడితే ఏం బాగుంటుంది?"

"సూపరండీ హైమవతి గారూ! మేడమ్‌కి తెగ నచ్చుతుంది."

కారు వెళ్లిన తరువాత నాగేంద్రమ్మ గుమ్మంలోకి వచ్చింది. నా ముఖం చూసి, నెమ్మదిగా ఆమెకు విషయం అర్థమైంది.

"నేను ఏ చీర కట్టుకోవాలండీ?" అని అడిగింది.

"ఆఖరి కాగులోంచి తీసినది."

"అది పాడైపోతుందండీ!"

"పాడవ్వాలి."

ఆమె లోపలికి వెళ్లి, అత్తగారి కత్తిని పట్టుకుని వచ్చింది. "సరే. కత్తికి ఇవాళే పదును పెట్టిస్తాను" అన్నది.

ఆ రోజున తోట బంగళా ముందు చాపలు పరిచి, చిన్నరసం కాయలు బుట్టల్లో పోసి ఉంచారు. వచ్చిన ఆడవారిలో ఎక్కువమంది ఆమ్రవర్ణ చీరల్లోనే ఉన్నారు. ముక్కలు తుడవడానికి ముసునూరు నుంచి పిలిపించిన నలుగురు ఆడవాళ్లలో కనకమ్మ కూడా ఉంది. రంగు చీరతో కత్తి ముందు కూర్చుంటున్న నాగేంద్రమ్మను చూసి ఆమె ఉలిక్కిపడి, "అక్కా, చీర!" అన్నది. నాగేంద్రమ్మ వినిపించుకోలేదు. వెనుక వరుసలో మాధురి సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

యోగిత వచ్చి నా చేతులు పట్టుకుంది. "ఆంటీ, మీరు రావడం నా అదృష్టం! అమ్మా, ఎంత చిక్కిపోయారు!"

"కూర్చో అమ్మా" అన్నాను. "రసం చిందుతుంది, పరవాలేదు కదా?"

"అయ్యో, మా చీరకి భయమెందుకు ఆంటీ? పొలంలోనైనా, పార్టీలోనైనా ఒకటే!"

కెమెరాలు సిద్ధమయ్యాయి. నాగేంద్రమ్మ మొదటి కాయను కత్తి కింద పెట్టి, టెంకతో సహా ఒక్క వేటున చీల్చింది. రసం కత్తి అంచున జారింది. ఆమె కొంగు తీసి ఆ కత్తిని పిడినుంచి కొస దాకా నింపాదిగా తుడిచింది. ముసునూరు ఆడవాళ్ల చేతుల్లో గుడ్డలు ఆగిపోయాయి.

"ఇప్పుడు నేను!" అని యోగిత ముందుకు జరిగింది. రెండు దెబ్బలకు కాయ తెగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాగేంద్రమ్మ చేసినట్టే కెమెరా వైపు నవ్వుతూ కొంగుతో కత్తి తుడిచింది. అంతలో ఆమె చూపు నాగేంద్రమ్మ కొంగు మీద పడింది. తేనె రంగు మీద నల్లటి చార, చూస్తూండగానే చిక్కబడుతున్నది.

"అయ్యో అమ్మా, మీ చీర పాడైపోయింది, పాపం! పాతది కదా." యోగిత తన కొంగు మీద అంటిన పలుచటి బూడిద రంగు మీద సీసాలోని నీళ్లు పోసి దులిపింది. అది పోయింది. ఆమె కొంగును ఎత్తి అందరికీ చూపించింది. "ఇటు చూడండి! ఒక్క మచ్చైనా ఉందా? ఇదీ ఆమ్రవర్ణ!"

మళ్లీ చప్పట్లు మోగాయి. ముసునూరు ఆడవాళ్లు మాత్రం కొట్టలేదు. వారిలో కనకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఎందుకు నవ్వుతున్నావు?" అని యోగిత అడిగింది.

"నవ్వక ఏం చెయ్యనమ్మా? మచ్చ పడలేదని మీరే చాటింపేసుకుంటుంటే!"

నేను లేచి నిలబడ్డాను. క్లాసులో మాట్లాడిన గొంతు నాకు ఇంకా పోలేదు. మామిడి బెరడు రంగు, పుల్లటి రసంతో తడిసిన ఇనుము తగిలితే నల్లబడి తీరుతుందని, నాగేంద్రమ్మ కొంగు నల్లబడింది అందుకేనని, నల్లబడని చీరలో మామిడి బెరడు లేదని, మూడు వాక్యాల్లో చెప్పి ఊరుకున్నాను.

యోగిత ముఖంలో నవ్వు ఇంకా ఉంది, కళ్లలో మాత్రం లేదు. "అదేం కాదాంటీ. మేం ఇప్పుడు కలర్‌ని ఫిక్స్ చేస్తున్నాం. కొత్త టెక్నాలజీ. అందుకే మచ్చ పడదు."

"మంచిది. బెరడు రంగును ఇనుము నుంచి కాపాడే ఆ రసాయనం ఏదో దాని పేరు చెప్పు. ఏ రసాయనమూ కలపలేదని నీ లేబుల్ మీద రాసుకున్నావు కనుక, ఆ సంగతి కూడా చెప్పు."

ఆమె వినోద్ వైపు చూసింది. వినోద్ మామిడి చెట్ల వైపు చూశాడు.

అప్పుడు మాధురి లేచింది. సంచీలోంచి చీర తీసి, చాప మీద కూర్చుని, తడి కత్తిని దానితో తుడిచింది. నీళ్లు పోసి దులిపింది. నల్లటి చార ఒక్కటీ మిగలలేదు. "మా అమ్మాయి ఒంటి మీద పడ్డ మచ్చలు దీని మీద ఒక్కటీ పడలేదండీ" అని, నాగేంద్రమ్మ ముందు చేతులు జోడించింది. "ఆ రోజు మిమ్మల్ని అన్నం ముందునుంచి లేపాను. తప్పయిపోయింది."

ఆ తరువాత ఒక్కరొక్కరుగా వచ్చారు. పట్టు జాకెట్ల మీద ఆ చీరలు కట్టుకున్న ఆడవారు చాప అంచున వంగి, తమ కొంగులతో తామే కత్తి తుడుచుకున్నారు. ఏ కొంగూ నల్లబడలేదు. షోరూము నుంచి వచ్చిన పెద్దమనిషి మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా కారు దగ్గరికి నడిచాడు. యోగిత అతని వెనుక రెండడుగులు వేసి, ఆగిపోయి, తిరిగి వచ్చింది. గొంతు తగ్గించి, మా ఇద్దరికి మాత్రమే వినిపించేలా అన్నది:

"ఆంటీ, ఇక్కడితో వదిలేయండి. అమ్మకి మళ్లీ పనిస్తాను. ప్రతి సీజనూ ఇస్తాను."

సమాధానం నాగేంద్రమ్మ చెప్పింది, అందరికీ వినిపించేలా. "పని కోసం రాలేదమ్మాయ్. నా మొహం నాకిచ్చెయ్."

నేను నా చేతిసంచీలోంచి కుట్లు విప్పే చిన్న కత్తెర తీసి యోగిత ముందు పెట్టాను.

"కూర్చో" అన్నాను.

"నేనా? వినోద్ చేస్తాడు."

"నువ్వే."

ఆమె చుట్టూ చూసింది. ఆమె తరఫున ఒక్కరూ కదలలేదు. కూర్చుంది. ఒకరి తరువాత ఒకరు కొంగు మూలను ఆమె ఒళ్లో పెట్టారు. ఆమె ప్రతి లేబుల్‌నూ నాలుగు వైపులా కుట్లు విప్పి నాగేంద్రమ్మకు అందించింది. కత్తెర జారి ఒకచోట బట్ట చిరిగితే, ఆ చీర కట్టుకున్నామె, "నిదానంగానే కానీ, మాకేం తొందర లేదు" అన్నది. ఆ మాటకు కనకమ్మ మళ్లీ నవ్వింది. నేను పక్కనే నిలబడ్డాను. మోకాళ్లు నొప్పి పుట్టినా కూర్చోలేదు. బంగళాలో అమ్మకానికి మడతపెట్టి ఉంచిన చీరలను కూడా తెప్పించాను. అవీ అయ్యాక యోగిత కత్తెర కింద పెట్టి, ముఖం తుడుచుకుని లేవబోయింది.

"ఇంకొకటి ఉంది" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. తన కొంగు మూలను వేలితో చూపించాను. అక్కడ నాగేంద్రమ్మ నవ్వుతూ ఉంది. యోగిత తన ఒంటి మీది చీరను ఒళ్లోకి లాక్కుని, ఆ చివరి కుట్లు కూడా తానే విప్పింది.

లేబుళ్లన్నిటినీ నాగేంద్రమ్మ నల్లబడిన కొంగులో మూటగట్టుకుని ఇంటికి తెచ్చింది. మరునాడు ఉదయం నేను వెళ్లేసరికి షెడ్డులో కాగు వెల్లకిలా ఉంది, కింద మంట ఉంది, కనకమ్మ బెరడు దంచుతున్నది. రంగు మరిగిన తరువాత నాగేంద్రమ్మ ఆ లేబుళ్లను గుప్పెడు తీసి అందులో వేసి, వెదురు కర్రతో ముంచి ముంచి తిప్పింది. తీసి నీళ్లలో జాడిస్తే, అవి వేసినప్పుడు ఎంత తెల్లగా ఉన్నాయో అంత తెల్లగానే ఉన్నాయి. నూలు కాదు, అది పాలిస్టర్ గుడ్డ. బెరడు రంగు దానికి ఎక్కదు.

పెళ్లి భోజనం ముందునుంచి లేచిన తరువాత మొదటిసారి నాగేంద్రమ్మ పక్క పన్ను కనిపించింది.

"చూశారా టీచరు గారూ! నా మొహానికి నా రంగే ఎక్కట్లేదు."

"వాటిలో ఒకటి ఇలా ఇవ్వు" అన్నాను.

"మీకెందుకండీ?"

"విజయవాడలో వినియోగదారుల కమిషన్ ఉంది. మాధురి ఫిర్యాదు రాస్తున్నది. సాక్ష్యంగా జతచేయాలి."

"ఇంకా వదల్లేదా ఆ పిల్లని?"

తడి లేబుల్‌ను పిండి, మడతపెట్టకుండా, కళ్లజోడు డబ్బాలో పెట్టుకున్నాను. మధ్యాహ్నం బస్సుకు బయలుదేరాను.