ఆదివారం చూసిన ఇల్లు

పొద్దున ఆరూ ఇరవై అయ్యేసరికి రావల్‌కోల్ అవతలి కొత్త వెంచర్ కమాను కింద సృజన నిలబడి ఉండేది. ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో నీళ్ల సీసా, పళ్ల మధ్య రబ్బరు బ్యాండు. పసుపుపచ్చ బడి బస్సు వచ్చి ఆగేది. తలుపు తెరుచుకుని ఆయమ్మ జంగమ్మ చెయ్యి బయటికొచ్చేది. ఐదేళ్ల అశ్రితను లోపలికి లాక్కునేది. అంతా కలిపి పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్లలోనే సృజన కూతురికి రెండో జడ వేసి, ముద్దు పెట్టి, పద్యం ఒకసారి అప్పజెప్పించుకునేది. అంత చురుకైన చేతులున్న తల్లి మేడ్చల్‌లోనే కాదు, ఈ భూమండలం మీదే లేదు.

వాళ్లది సిద్దిపేట. సృజన భర్త నవీన్‌కు శామీర్‌పేట దగ్గర విత్తనాల కంపెనీలో ఉద్యోగం రావడంతో కదిలారు. బడి ముందు చూడాలా, ఇల్లు ముందు చూడాలా అని మొగుడూ పెళ్లాలు ఇరవై ఒక్క రోజులు కొట్లాడుకున్నారు. ఆ కేకలకు పక్కింటి చెట్టు మీది కాకులు ఊరు మార్చాయి. చివరికి బడి దూలపల్లి అవతల దొరికింది. ఈతకొలను, గుర్రపు స్వారీ, మెట్లకు కూడా ఏసీ. ఇల్లు ఇక్కడ దొరికింది.

"బడికి ఎంతసేపు పడ్తది బాలేష్?" అని నవీన్ ప్లాట్ల ఏజెంటును అడిగాడు.

"పదిహేను నిమిషాలు సార్. ఒక్క నిమిషం ఎక్కువైతే నా పేరు మార్చుకుంట."

నవీన్ మాట నమ్మే మనిషి కాడు. సొంతంగా బైకు వేసుకుని పోయి చూశాడు. పద్నాలుగు నిమిషాలు పట్టింది. పొంగిపోయి వచ్చి సంతకాలు పెట్టాడు. ఆ రోజు ఆదివారం. ఈ దిక్కున ఇళ్లు కొన్న వాళ్లందరూ ఇళ్లు చూసింది ఆదివారమే. సోమవారం ఆ దారి మొహం ఎలా ఉంటుందో సోమవారం దాకా ఎవరికీ తెలియదు.

సోమవారం ఆ దారిలో ఫ్లైఓవర్ స్తంభాలు లేచాయి, లారీలు అడ్డం తిరిగాయి, రైల్వే గేటు పడింది. బస్సుకు పోను రెండున్నర గంటలు, రాను మూడు. ఆ బస్సులో పిల్లలు పెరిగేవారు.

పిల్లలన్నాక ఎక్కడైనా పెరుగుతారు. ఇక్కడ మాత్రం ఒక్క ప్రయాణానికే పెరిగేవారు. గేటు పడగానే జంగమ్మ కొంగు ముడిలోంచి గోళ్ల కత్తెర తీసి వరసపెట్టి కత్తిరించేది. ఊడిన పాలపళ్లను అగ్గిపెట్టెల్లో వేసి, పేర్లు రాసి, ఇళ్లకు పంపేది. మేడ్చల్ స్టాపులో ఎక్కే పదకొండు మంది చిన్నపిల్లలు నెలకు ఒక అంగుళం చొప్పున పెరిగి సర్దుకుపోయారు. అశ్రిత సంగతి వేరు. అందరికంటే ముందు ఎక్కేది తను, అందరికంటే వెనక దిగేది తను.

కమాను పక్కనే రావల్‌కోల్ జలీల్ కుట్టు మిషను పెట్టుకున్నాడు. వెంచర్‌లోని పిల్లలు ఎక్కే బస్సులన్నీ అలాంటివే కాబట్టి, స్కర్టుల మడతలు విప్పి కుట్టడంతోనే అతనికి తెల్లారి పొద్దుగూకేది. అతని మిషను వేగానికి దారం పొగలు కక్కేది.

"మొన్ననే రెండించులు వదిలినవ్ గద భాయ్, మళ్లీ పొట్టిగైంది," అంది సృజన.

"మొన్న వాన పడ్డది గదమ్మా. వాన పడ్డ దినం బస్సు ఇంకింత ఆగుతది, రెండించులు యాడికీ పోవు," అన్నాడు జలీల్ సూదిలోకి దారం ఎక్కిస్తూ. "ఇగ మడత అయిపోయింది. కొత్త గుడ్డ తెచ్చుకో."

దసరాకల్లా అశ్రిత పన్నెండేళ్ల పిల్లలా ఉంది. యూకేజీ కుర్చీలో కూర్చుంటే మోకాళ్లు చెవులకు తగిలేవి. టీచరు డైరీలో 'వెనక వరసలో కూర్చోబెడుతున్నాం, గమనించగలరు' అని రాసి పంపింది. ఇంట్లో మాత్రం అదే పిల్ల. బొమ్మకు స్నానం చేయించేది, చీకటంటే భయపడేది. ఆదివారం బస్సు ఉండదు కనుక ఆ ఒక్క రోజు పెరిగేది కాదు. సృజన ఆరు రోజులు ఊపిరి బిగబట్టి ఏడో రోజు వదిలేది.

ఒక రాత్రి అన్నాల దగ్గర ఆమె కంచం పక్కకు జరిపింది.

"బడి మారుద్దాం."

"యాడికి? టీసీ ఏప్రిల్‌ల గాని ఇయ్యమన్నరు. టీసీ లేంది ఇంకో బడోళ్లు గేటు కూడ తియ్యరు."

"అయితే ఇల్లు మారుద్దాం."

"ఇరవై ఏండ్ల లోన్ ఉంది సృజనా. ఇల్లును నెత్తిన పెట్టుకొని పోదమా?"

"సర్కారు బడిల టీసీ గీసీ ఏం అడగరట."

"సర్కారు బడికేనా సిద్దిపేట నుంచి వచ్చింది?" అన్నాడు నవీన్. ఆ మాట అన్నాక అన్నం కలపలేకపోయాడు. "ఏప్రిల్ దాకా ఓపిక పట్టు."

"ఏప్రిల్ దాకా అయితే అది నాకంటె పెద్దదైతది. అప్పుడు నేను దాన్ని ఏమని పిలువాలె? అక్కా అనాల్నా?"

నవీన్ ఫోన్లో ఆ దారి తెరిచి చూశాడు. కంపెనీ తూర్పున, బడి దక్షిణాన, మధ్యలో గీతంతా ఎర్రగా ఉంది.

నవంబరులో ఒక గురువారం ఫ్లైఓవర్ దూలం మోసుకొస్తున్న ట్రెయిలర్ ఒకటి మేడ్చల్ దాటాక రోడ్డుకు అడ్డంగా తిరిగి ఇరుక్కుపోయింది. అలాంటి జామ్ మళ్లీ పుట్టదు. వెనక వరస తూప్రాన్ దాటింది. ఒక పెళ్లివారి వ్యానులో పెళ్లిచూపుల మాట మొదలై లగ్నపత్రిక దాకా వచ్చింది. కొబ్బరి బొండాల బండి లాగేవాడు ఆ ఒక్క పూటలో రెండో బండి కొన్నాడు.

మేడ్చల్ పిల్లలు పదకొండు మందీ అప్పటికే ఎక్కేశారు. బస్సు కదలదు, తలుపు తెరుచుకోదు. తొమ్మిదింటికి అశ్రిత చొక్కా బొత్తాం తెగింది. పది దాటాక జంగమ్మ తన శాలువా తీసి ఆమె చుట్టూ కప్పింది. పన్నెండింటికి ఆమె తల పైకప్పుకు తగిలింది. పక్క సీటులో ఆతియా అనే చిన్న పిల్ల ముందు పళ్లు రెండూ ఒకేసారి ఊడి ఒళ్లో పడ్డాయి. ఆ పిల్ల వాటిని చూసుకుని, ఏడవడం కూడా మరిచిపోయి, అశ్రిత వైపు తలెత్తింది.

ఇంకాసేపు ఇలాగే ఉంటే ఆతియా కూడా తనలాగే అవుతుందని అశ్రితకు అర్థమైంది.

"ఆయమ్మా, తలుపు తియ్యి."

"ఎట్ల తియ్యాలె బిడ్డా? గార్డియన్ వచ్చి సంతకం పెట్టాలె. మీ అమ్మకు ఫోన్ జేసిన. ఆటోలు లేవు, నడుసుకుంట వస్తాంది."

"గార్డియన్ అంటె ఎవరు?"

"పద్దెనిమిదేండ్లు నిండినోళ్లు ఎవ్వరైనా."

అశ్రిత చెంప పట్టుకుంది. పొద్దటి నుంచీ దవడ ఒకటే సలుపు.

"ఆయమ్మా, నా నోట్ల చూడు."

జంగమ్మ ఫోన్ లైటు వేసి వంగి చూసింది. అన్నిటికన్నా వెనక, చిగుళ్లు చీల్చుకుని, తెల్లగా కొత్త పన్ను.

"ఏందది?" అన్నాడు డ్రైవరు అద్దంలోంచి.

"జ్ఞానదంతం."

"వచ్చిందా పూర్తిగ?"

"వచ్చింది."

"అయితే పద్దెనిమిది నిండినట్టే. రాయించుకో మరి," అని డ్రైవరు తలుపు మీట మీద చెయ్యి వేశాడు.

జంగమ్మ రిజిస్టరు తెరిచింది. విద్యార్థి పేరు దగ్గర అశ్రిత అని ఉంది. గార్డియన్ పేరు దగ్గర అశ్రిత తన పేరే రాసింది, యూకేజీలో నేర్పిన పెద్ద పెద్ద వంకర అక్షరాలతో. 'పిల్లకు ఏమవుతారు' అనే గడి దగ్గర కాసేపు పెన్సిలు కొరికి, 'నేనే' అని రాసింది.

"వీళ్లను గూడ తీస్కపోత," అంది.

"వీళ్లకు నువ్వేమైతవ్?"

పదకొండు గొంతులు ఒక్కసారే లేచాయి. "అక్క!"

ఆ అరుపుకు ముందున్న సిమెంటు లారీ అద్దం బీటలు వారింది. జంగమ్మ నోరు మూసుకుని పదకొండు గడుల్లో పదకొండు సార్లు అక్క అని రాసుకుంది.

అశ్రిత పదకొండు మందినీ దింపుకుని నడిచింది. రోడ్డు దిగితే పంక్చరు దుకాణం, దాని వెనక సర్కారు బడి. బస్సు రోజూ రెండుసార్లు దాటిపోయే బడే. గౌరయ్య సారు తొమ్మిది మంది పిల్లలకు ఎక్కాలు చెబుతున్నాడు. పన్నెండు మంది లోపలికి రాగానే చాప ఇంకొకటి పరిచి, ఎక్కం మళ్లీ రెండు నుంచి మొదలుపెట్టాడు.

జంగమ్మ ఫోన్లో చెప్పిన గుర్తులు పట్టుకుని సృజన బడికి వచ్చేసరికి మూడు దాటింది. లారీల సందుల్లోంచి నడిచి నడిచి చెప్పులు అరిగి పట్టీలు మాత్రం మిగిలాయి. చాప మీద కూర్చున్న చిన్నపిల్లల మొహాలు ఒక్కొక్కటే వెతికింది. రెండుసార్లు వెతికింది. గోడ పక్కన శాలువా కప్పుకున్న ఒక యువతి లేచి నిలబడి, "అమ్మా," అంది.

సృజన తల ఎత్తి చూడాల్సి వచ్చింది. కూతురి గడ్డం కింద తన నుదురు ఆగింది. పర్సులో ఫోన్ మోగింది. నవీన్. తీయలేదు.

గౌరయ్య సారు రిజిస్టరు ముందుకు జరిపాడు. "ఈ పదకొండు మంది ఇండ్లు పక్కనే. వాళ్ల తల్లిదండ్రులతోని నేను మాట్లాడుకుంట. ఈ అమ్మాయి వయసెంతమ్మా?"

"ఐదేండ్లు సార్," అంది సృజన. "ఒకటో తరగతిల రాయుండ్రి."

ఆయన అశ్రితను పాదాల నుంచి తలదాకా ఒకసారి చూశాడు. పెన్ను మూత తీశాడు.

"టీసీ?"

"ఏప్రిల్‌ల ఇస్తరట."

"ఇచ్చినప్పుడే తెచ్చియ్యి. మా దగ్గర బెంచీలు లేవమ్మా, పిల్లలు కిందనే కూసుంటరు."

"మంచిదే సార్. కాళ్లు సాపుకోను జాగ ఉంటది."

ఆయన ఆ పదకొండు పేర్ల కింద పన్నెండో పేరు రాశాడు. రోడ్డు వదిలి పొలాల గట్ల మీదుగా పోతే ఇంటికి గంట నడకే. తల్లీ కూతుళ్లు రోజూ ఆ దారినే నడిచారు. పోయిన పదమూడేళ్లు ఎవరూ తిరిగి తెచ్చివ్వలేదు. కానీ ఆ గురువారం నుంచి అశ్రిత ఏడాదికి ఒక్క ఏడాదే పెరిగింది.