నలభయ్యో రోజు దీవెన

మూడో విడత టీని ఎత్తు నుంచి వంపి నురగ తెప్పిస్తోంది తిబ్రా. వేడుకకు వచ్చిన ఆడవాళ్ల కోసం పొద్దుటి నుంచీ పొయ్యి ముందే ఉంది. బిడ్డకు పాలివ్వడానికి రెండుసార్లు లేచినందుకే అత్తగారు, "లోకంలో నువ్వొక్కదానివే కన్నావా?" అంది.

ఇవాళ బిడ్డకు నలభయ్యో రోజు. సొక్నా అనే ఈ ఎడారి ఊళ్లో ఆ రోజున అమ్మమ్మే వచ్చి పసిదాని నాలుకకు ఖర్జూరపు పాకం రాసి, తన నోటి మాటతో దీవించాలి. అయితే తిబ్రా అమ్మకు నోరారా వచ్చింది, అరబ్బీ రాకముందు ఊరంతా మాట్లాడిన పాత భాషొక్కటే. ఊళ్లో అది మాట్లాడేవాళ్లు ఇప్పుడు పట్టుమని పదిమంది లేరు. "నూతి దగ్గర గాడిదల్ని తోలేటప్పుడు మాట్లాడుకోమను. నా మనవరాలి చెవిన పడనిచ్చావో, చూడు" అని అత్తగారు ముందే హెచ్చరించింది. ఊరిని ఏలుతున్న ఇటలీవాళ్ల కచేరీలో గుమాస్తా అయిన మొగుడు షువైబ్, "అమ్మ మాట వింటే ఏం పోయింది?" అన్నాడు. మూడేళ్లుగా ఈ ఇంట్లో తిబ్రా నోట అరబ్బీ తప్ప మరో మాట రాలేదు. పురిటినొప్పుల్లో మాత్రం పాత భాషలో అరిచిందట. ఆ అరుపును అత్తగారు నలుగురిలో అనుకరించి అందర్నీ నవ్వించింది. తిబ్రా కూడా నవ్వింది.

అమ్మ వచ్చింది. కాళ్లనిండా ఇసుక, చేతిలో పాకం ముంత. గుమ్మంలోంచే పాత భాషలో, "చిక్కిపోయావేమే తల్లీ, తిన్నావా?" అంది.

"ఎవరే ఈవిడ? ఏమంటోంది?" అంది, ఊరికి కొత్తగా వచ్చిన ఖాజీగారి భార్య.

అత్తగారి చూపు తిబ్రా మీద నిలిచింది.

"ఏమో, నాకు తెలీదండీ."

ఆపాటి అరబ్బీ అమ్మకు అర్థమవుతుంది. వచ్చీరాని అరబ్బీలో, "పాకం అమ్ముకునేదాన్నమ్మా," అని, ముంత గడప మీద పెట్టి వెనుదిరిగింది.

"పాపం, ఓ రొట్టెముక్క పెట్టి పంపవే," అంది ఖాజీగారి భార్య.

తిబ్రా ఒళ్లు సిగ్గుతో కాలిపోయింది. ఇన్నాళ్లూ అమ్మ భాష అంటే సిగ్గనుకుంది. తనని కాపాడ్డానికి అమ్మ తన తల్లితనాన్నే కాదనుకుంటే, సిగ్గు ఎవరిదో తెలిసింది. రేపు ఈ పిల్ల కూడా ఇలాగే ఎవరి ముందో తనని ఎరగనంటే?

బిడ్డను ఎత్తుకుని లేచింది.

"టీ పొంగుతోంది, ఎక్కడికే?" అంది అత్తగారు.

"ఆవిడ మా అమ్మ," అంది తిబ్రా, అరబ్బీలోనే, అందరికీ అర్థమయ్యేలా. వీధిలోకి పరిగెత్తి అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అమ్మ బిడ్డను అందుకుంది కానీ కూతురి మొహంలోకి చూడలేదు. పసిదాని నాలుకకు పాకం రాసి దీవెన మొదలుపెట్టింది.

తిబ్రా తలొంచుకుని, ఎవరూ అడక్కుండానే, ఒక్కో మాటకూ అర్థం అరబ్బీలో పైకి చెప్పసాగింది.