రత్నమాల ఇచ్చిన పూచీ

నార్సింగి దాటాక రింగు రోడ్డు పక్కనున్న ఇంజనీరింగ్ కాలేజీలో రత్నమాల ఇంగ్లిష్ చెబుతుంది. పుట్టింది కాకినాడ దగ్గర, కాపురం మియాపూర్‌లో. పిల్లలు ఏఐతో రాయించుకొస్తున్నారని తోటి లెక్చరర్లంతా విసుక్కుంటున్న రోజుల్లో, దాన్ని ఎంతవరకు వాడొచ్చో నియమాలు రాసే పని ఆమె నెత్తిన పడింది. పడిందనడం కన్నా ఆమే ఎత్తుకుందనడం నిజం.

ఆమె రాసిన నియమాల సారం ఒక్కటే. వాడుకోండి, కానీ ఎక్కడ ఎలా వాడారో రిపోర్టు చివర చెప్పండి. చెబితే మార్కులు తగ్గవు, దాస్తే తప్పు. ప్రిన్సిపాల్ భీమేశ్వరరావు చదివి, "బావుందండీ, పిల్లల్ని మనుషుల్లా చూశారు" అని సంతకం పెట్టారు.

ఆ మాటే ఆమె ఆఖరి ఏడాది క్లాసులో చెప్పింది. "మనం దొంగా పోలీసూ ఆట ఆడొద్దమ్మా. నిజం చెప్పినవాళ్లకి ఏ నష్టమూ రాదు. పూచీ నాది."

పిల్లలు తలలూపారు. తమ ఇంటి చుట్టుపక్కల కనిపించే ఏదైనా ఒక సమస్య మీద ఇంగ్లిష్‌లో రిపోర్టు రాసుకురమ్మంది.

రిపోర్టులు వచ్చాయి. ఒకదాన్ని మించి ఒకటి నున్నగా ఉన్నాయి. నగరంలో నీటి ఎద్దడి గురించి పదిమంది రాస్తే పదిమందీ ఒకే గొంతుతో మాట్లాడారు. అందరి చివరి పేజీలోనూ "ఏఐ వాడలేదు" అనే ఉంది. రత్నమాలకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి.

శ్రీలత రిపోర్టు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. శ్రీలత తండ్రి ఎల్లయ్య తాపీ మేస్త్రీ, తల్లి లచ్చమ్మ ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్. పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. ఆ పిల్ల ఇంటర్ దాకా తెలుగు మీడియమే. కట్టుబడి నడిచేచోట కూలీల రేకుల షెడ్లలో ఎండాకాలం ఎలా గడుస్తుందో రాసింది. మధ్యాహ్నం పూట చంటిపిల్లల్ని ఎత్తుకుని తల్లులు సగం కట్టిన అపార్టుమెంటు సెల్లార్‌లోకి ఎందుకు దిగుతారో, సూపర్‌వైజర్ తరిమితే మళ్లీ ఎక్కడికి పోతారో రాసింది. చివర ఇలా ఉంది: "మొదట తెలుగులో రాసుకున్నాను. ఇంగ్లిష్‌లోకి మార్చమని ఏఐని అడిగాను. అది 'ఇళ్లు' అని రాసిన ప్రతిచోటా నేను 'రేకుల షెడ్లు' అని దిద్దాను. అవి ఇళ్లు కావు."

రత్నమాల ఆ పేజీని స్టాఫ్‌రూమ్‌లో నలుగురికీ చూపించింది. క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు వేసింది. తన నియమాలు పనిచేశాయనుకుంది.

క్యాంపస్ ఉద్యోగాల రోజులు దగ్గర పడ్డాయి. ఏటా ఎక్కువమందిని తీసుకునే కంపెనీ ఒకటి, ఏఐతో చదువు నెట్టుకొచ్చిన పిల్లలు తమకు వద్దని యాజమాన్యానికి కబురు పెట్టిందట. యాజమాన్యం బెదిరిపోయింది. రాత్రికి రాత్రే నియమాలు మారాయి. ఏఐ వాడినట్టు రుజువైన రిపోర్టుకు సున్నా. ఆ విద్యార్థికి ఈ ఏడు క్యాంపస్ ఇంటర్వ్యూలు లేవు. ఇప్పటికే ఇచ్చిన రిపోర్టులకూ ఇదే వర్తిస్తుంది.

రత్నమాల పరుగున ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది.

"సార్, వాడుకోమని చెప్పింది మనమే కదండీ. ఇప్పుడు వెనక్కెళ్లి శిక్ష వేస్తామంటే ఎలాగండీ?"

"అన్యాయమేనండీ. కాదని నేను అంటున్నానా?" భీమేశ్వరరావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పైనుంచి వచ్చింది. నేనూ జీతగాణ్నే."

"వాడనివాళ్లెవరు సార్ క్లాసులో? అందరూ వాడారు. ఆ పిల్ల ఒక్కతే చెప్పింది."

"అందరూ వాడారని రుజువేదీ? కనిపెట్టే సాఫ్ట్‌వేర్‌ని నమ్మి సున్నా వేస్తే తల్లిదండ్రులు కోర్టుకెళ్తారు. ఈ అమ్మాయి అంటారా, తనే రాసిచ్చింది. దానికి ఎవరూ అడ్డు చెప్పలేరు."

"అంటే, నిజం చెప్పడమే రుజువైందన్నమాట."

ఆయన ప్యూన్‌ని పిలిచి ఆమెకు టీ తెమ్మన్నారు.

మర్నాడు క్లాసులో ఆమె బతిమాలింది. వాడినవాళ్లు నలుగురైనా లేచి ఒప్పుకుంటే, అందరికీ ఒకే న్యాయం చెయ్యమని యాజమాన్యాన్ని అడగొచ్చంది. ఎవరూ లేవలేదు. శ్రీలత తల వంచుకుని కూర్చుంది. గంట కొట్టాక బాలు అనే కుర్రాడు బల్ల దగ్గరికొచ్చాడు. క్లాసులో చురుకైనవాడు, శ్రీలతతో ఒకే బస్సులో వస్తాడు.

"మేడమ్, నేను లేచి చెప్తే శ్రీలత మార్కులు వాపస్ వస్తయా?"

"చెప్పలేను బాబూ."

"రావు మేడమ్. నావి గూడ పోతయి, గంతే. మాఫ్ చెయ్యిండ్రి." వాడి కళ్లలో నీళ్లున్నాయి. రత్నమాల వాణ్ని తిట్టలేకపోయింది. వాడి స్థానంలో ఉంటే తను మాత్రం లేచి ఉండేదా?

రెండు రోజులకు లచ్చమ్మ వచ్చింది. డ్యూటీ నుంచే నేరుగా వచ్చినట్టుంది, ఒంటి మీద ఆఫీసువాళ్లిచ్చిన నీలం కోటు. స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. రత్నమాల లోపలికి రమ్మని కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా పిల్ల బువ్వ తింటలేదు మేడమ్. ఏం తప్పు జేసిందో జర నాకన్న చెప్పున్రి. కాపీ గొట్టిందా?"

"లేదమ్మా. మీ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదు."

"మరి ఇంటర్వ్యూలకు రానియ్యరంట ఎందుకు?"

రత్నమాల తనకు తోచినట్టు విడమరిచి చెప్పింది. లచ్చమ్మ శ్రద్ధగా విన్నది. విని, "నేను పనిజేసే ఆఫీసుల అందరు గా ఏఐనే అడుక్కుంట కూసుంటరు మేడమ్, పొద్దంత" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, అర్థంకాకపోవడమే ఉంది. "అడిగిన అని మా పిల్ల చెప్పింది. చెప్పుమన్నది మీరేనంట గద. చెప్పుడే తప్పయిందా?"

రత్నమాల ఆవిడ చెయ్యి పట్టుకుంది. మళ్లీ అడుగుతాను, యాజమాన్యంతో మాట్లాడతాను అంది. లచ్చమ్మ దండం పెట్టి వెళ్లిపోయింది. ఆ దండమే ఆమెను ఎక్కువ కుంగదీసింది.

ప్రయత్నించింది కూడా. చైర్మన్ దగ్గరికి వెళ్తే ఆయన మీటింగులో ఉన్నారన్నారు, మరోసారి వెళ్తే ఊళ్లో లేరన్నారు. రాజీనామా చేస్తానని ఇంట్లో అంటే, "నువ్వు మానేస్తే ఆ పిల్లని ఇంటర్వ్యూకి పిలుస్తారా?" అన్నాడు భర్త రవికిరణ్. కఠినంగా అనలేదు. అందుకే ఆమె ఎదురు చెప్పలేకపోయింది. ఈలోగా ఇంటర్వ్యూలు మొదలై ముగిసిపోయాయి. ఏఐని పనిలో ఎంత బాగా వాడగలవని కంపెనీవాళ్లు అందర్నీ అడిగారట. బాలుకు ఉద్యోగం వచ్చింది. స్వీట్లు పంచుతూ స్టాఫ్‌రూమ్‌కీ వచ్చాడు గానీ రత్నమాల కళ్లలోకి చూడలేదు.

కొత్త సెమిస్టర్‌లో మరో రిపోర్టు ఇవ్వాల్సి వచ్చింది. ఒక మధ్యాహ్నం మెట్ల దగ్గర శ్రీలత ఎదురైంది. "మేడమ్, ఈసారి తెలుగుల రాసుకొని మార్పిచ్చుకోవచ్చా? మార్పిచ్చుకుంటె చెప్పాల్నా, వద్దా?"

చెప్పమంటే గొయ్యి, చెప్పొద్దంటే నుయ్యి. రత్నమాల అటూ ఇటూ చూసింది. "ఈసారికి నీ అంతట నువ్వే ఇంగ్లిష్‌లో రాసెయ్యమ్మా" అంది నెమ్మదిగా.

"సరే మేడమ్" అని శ్రీలత దిగి వెళ్లింది.

వారం తర్వాత ఆ రిపోర్టు ఆమె బల్ల మీదికి వచ్చింది. ఖాజాగూడ చెరువు పక్కన రాళ్లు కొట్టే ఆడవాళ్ల గురించి. రెండే పేజీలు. వాక్యాలు పొట్టివి, వాటిలో సగం తప్పులు. ఒకచోట ఏదో పెద్ద సంగతి మొదలుపెట్టి, దానికి మాట దొరక్క సగంలో వదిలేసినట్టుంది. తెలుగులో ఆ పిల్ల ఏం చెప్పి ఉండేదో రత్నమాల ఊహించగలదు. ఊహకు మార్కులుండవు. భాషకు ఇన్ని, వివరణకు ఇన్ని అని కాలేజీ లెక్క కట్టి ఇచ్చింది.

ఆమె ఎర్ర పెన్ను తీసుకుని మొదటి తప్పు కింద గీత గీసింది. తర్వాత రెండోదాని కింద గీసింది.