సొంత గోడకి మొదటి మేకు

గుంటూరు కొరిటెపాడులో పానకాలరావు అద్దెకుంటున్న ఇంట్లో, ముందుగది గోడ మీది నూనె మరక ఊపిరి తీసుకుంటోంది. అది అతని భార్య మంగతాయారు తల ఆనించిన చోటు. ఏళ్ళ తరబడి ఆ గోడకి జారగిలబడి ఆమె బియ్యంలో రాళ్ళు ఏరింది, మల్లెపూలు కట్టింది, సీరియల్ చూసి కళ్ళొత్తుకుంది. ఆమె పోయి నాలుగు నెలలైంది. మరక మాత్రం పోలేదు.

పానకాలరావేమీ గాభరా పడడు. దానికి చలిగాలి తగులుతుందేమోనని ఫ్యాను తగ్గిస్తాడు.

ఇంటి ఓనరు హైమావతిగారు పైవాటాలోంచి దిగివచ్చి, గోడకి చెవి ఆనించి వింటారు.

"ఇద్దరు ఊపిరి తీసుకుంటున్నారండీ పానకాలరావు గారూ. అయితే ఈ నెల నుంచి నీళ్ళ డబ్బులు మళ్ళీ ఇద్దరి లెక్కన ఇవ్వాలి" అంటారు.

ఆ మాటకి అతని ప్రాణం లేచొస్తుంది. ఇన్నాళ్ళూ ప్రతివాడూ అతన్ని ఒక్కడిగానే లెక్కేస్తున్నాడు మరి. లోపలికెళ్ళి డబ్బు తెచ్చి రెండు చేతులా ఇస్తాడు.

ఆదివారం మంగతాయారు తమ్ముడు సాంబశివుడు వస్తాడు. మనిషి వెన్నే గాని నోరు ఊరంత.

"ఇంకెన్నాళ్ళు బావా, ఒకళ్ళ కొంపలో? కట్టిన అద్దెంతా ఏట్లో పిసికిన చింతపండేగా! రింగురోడ్డు దగ్గర ఫ్లాటు చూశా. దసరా దాటితే రేటు పెంచుతారంట. కొంటావో మానతావో తేల్చెయ్యి."

సొంతిల్లు మంగతాయారు కోరిక. పెద్ద కోరికేం కాదు పాపం, తన గోడకి ఒక మేకు కొట్టుకోవాలి, అంతే. ఏ అద్దె ఇంటికెళ్ళినా ఓనర్ల మొదటి మాట "గోడలకి మేకులు కొట్టకండమ్మా" అనే. కాపురమంతా ఆమె క్యాలెండరు ఫ్రిజ్జుకి ఆనుకునే నిలబడింది. ఎప్పుడో ఒక మేకు కొని, పోపులపెట్టెలో మెంతుల గిన్నెలో దాచుకుంది. తీరా ఇంటికి సరిపడా డబ్బు కూడేసరికి జబ్బు బయటపడింది. డబ్బు ఆసుపత్రికి పోయింది, మోకాళ్ళు దాటే జడ దువ్వెనకి పోయింది. బోడి తలనే ఆ గోడకి ఆనించుకుని కూర్చునేది చివర్లో. ఇప్పుడు చేతిలో ఉన్నది ఆమె పేరున వచ్చిన ఇన్సూరెన్సు. ఆమె పోతే గాని ఆమె అడిగిన ఇంటికి డబ్బు కుదరలేదు. ఆ దేవుడి లెక్కలు తగలెయ్య!

ఆమె ఫోటో కట్టించి తెచ్చింది సాంబశివుడే. అది బీరువాలో చీరల మధ్య బోర్లా పడుకుని ఉంది. ఎవరడిగినా "మేకు కొట్టనివ్వరు గదా" అంటాడు పానకాలరావు. నిజానికి ఆ షరతు అతనికి ప్రాణంతో సమానం. ఫోటో గోడెక్కనంత కాలం ఆమె పోయినట్టు కాదు.

సరే, ఫ్లాటు చూడ్డానికి వెళ్తాడు. గుమ్మం దాటగానే ఫ్లాటు అతన్ని లెక్కపెట్టి, రెండో పడగ్గదిని గోడలోకి లాగేసుకుంటుంది.

"ఇద్దరం" అంటాడతను.

గది కొంచెం బయటికి తొంగి చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. "మీ ఒక్కరికి ఇది చాల్లెండి సార్" అంటాడు చూపించడానికొచ్చిన మనిషి. వంటగట్టు మాత్రం సరిగ్గా మంగతాయారు నడుమెత్తున ఉంది. దాని మీద చెయ్యేసి పానకాలరావు వెక్కివెక్కి ఏడుస్తాడు.

ఇంటికొచ్చి మరక పక్కన కూర్చుంటాడు.

"గట్టు నీ ఎత్తే ఉంది తాయారూ."

"అయితే కొనండి" అంటుంది మరక.

"నువ్వొస్తావా?"

"గోడ వాళ్ళదండీ. ఒకళ్ళ గోడ మనమెట్టా పట్టుకుపోతాం?"

"అయితే ఇక్కడే ఉందాం. అద్దె కట్టుకోవడం నాకు బానే ఉంది."

మరక కాసేపు ఊపిరి బిగపడుతుంది.

"ఒక్క మేకండీ. నా జన్మకి నేనడిగింది ఒక్క మేకు."

కొంటాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు ఖాళీ చేసి చూడమని ఎవరూ అనలేదు. ఎవరైనా ఖాళీ చేస్తే ఆ పూటే సున్నం వేయించడం హైమావతిగారి ఆనవాయితీ.

"ఆ ఒక్క గోడా వదిలెయ్యండమ్మా" అని బతిమాలతాడు.

"తర్వాత దిగేవాళ్ళకి మీ ఆవిడెందుకండీ?" అంటారావిడ, జాలిగానే.

న్యాయమైన మాటే. పానకాలరావు గోడని అరచేత్తో ఒకసారి నిమిరి, తాళాలు ఇచ్చేస్తాడు.

కొత్త ఫ్లాటులో పాలు పొంగుతాయి. సాంబశివుడు ఫోటోకి మల్లెపూల దండ వేసి, గుండెలకి ఆనించుకుని నిలబడతాడు.

"ఇంక కానియ్ బావా. నీ గోడ, నీ ఇష్టం. అడిగేవాడు లేడు."

అడిగేవాళ్ళుంటే ఎంత బావుండేదో! పానకాలరావు మెంతుల గిన్నెలోంచి మేకు తీసి గోడకి పెడతాడు.

మొదటి దెబ్బకి, కొరిటెపాడులో సున్నపు కుంచె గోడని తాకిన చప్పుడు వినిపిస్తుంది. రెండో దెబ్బకి అక్కడి ఊపిరి సన్నబడుతుంది. సుత్తి దించేస్తాడు.

"కొట్టండి, పర్లేదు" అంటుంది మంగతాయారు, ఊరికి ఆ చివర నుంచి.

కళ్ళు మూసుకుని కొడతాడు. ఊపిరి ఆగిపోతుంది.

మేకు దానంతటదే ఊడి కింద పడుతుంది. చిల్లులోంచి ఒక వెంట్రుక వేలాడుతోంది. పట్టుకుని లాగితే వస్తుంది. వెనకాలే ఇంకోటి, ఆ వెనక ఒక పాయ. నల్లగా, కొబ్బరినూనె వాసనతో, జబ్బుకి ముందటి జుట్టు.

పానకాలరావు నేల మీద చతికిలబడి, మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెడతాడు. అల్లినకొద్దీ వస్తోంది. జడ వంటగట్టెక్కి, పొంగిన పాలలో తడిసి, మెట్లు దిగి, రోడ్డున పడి కొరిటెపాడు వైపు పోతోంది. రెండో పడగ్గది గోడలోంచి మెల్లగా బయటికొచ్చి, తలుపు తీసుకుని నిలబడుతుంది. మంగతాయారు తల మాత్రం గోడ అవతలే ఉంది. ఎంత లాగినా రావడం లేదు.

"బావా, మరి ఫోటో?" అంటాడు సాంబశివుడు.

"దాన్ని కింద పెట్టు" అంటాడు పానకాలరావు, చేతులు ఆపకుండా. "ఆ దండ తీసి ఇటియ్యి. జడలో పెట్టాలి."