అద్దానికి ఇవతల

నాలుగో కుర్చీని రెండడుగులు వెనక్కి లాగి, మళ్ళీ అరడుగు ముందుకు జరిపింది. ఆ కౌన్సెలింగ్ కేంద్రంలో కుటుంబాలు కూర్చునే గదిలో కుర్చీలు ఎలా ఉండాలో ఆమెకు ఎవరూ రాసివ్వలేదు. పద్దెనిమిదేళ్ళుగా చూసి చూసి తనే తెలుసుకుంది. మరీ దగ్గరగా వేస్తే పిల్లలు ముడుచుకుపోతారు, మరీ ఎడంగా వేస్తే తండ్రులు గొంతు పెంచుతారు. టిష్యూ పేపర్ల పెట్టెను కిటికీ గట్టు మీద పెట్టాలి. ఎదురుగా బల్ల మీద పెడితే, ఏడవడానికే పిలిచారా అన్నట్టు వచ్చినవాళ్ళు బిగుసుకుపోతారు. గోడకున్న పెద్ద అద్దాన్ని తడిగుడ్డతో తుడిచి, అందులో తన ముఖం కనబడగానే చూపు తిప్పుకుని, పక్క తలుపు తీసి చీకటి గదిలోకి వెళ్ళింది.

ఆ చీకటి గదే ఆమె ఉద్యోగం. మంచమంత పొడవు, మంచం కన్నా కాస్త ఎక్కువ వెడల్పు. ఒక బల్ల, రెండు స్టూళ్ళు, మెడ వంచిన చిన్న దీపం, అవతలి గది మాటలు వినిపించే స్పీకరు. ఇటునుంచి చూస్తే అది అద్దం కాదు, కిటికీ. అటువాళ్ళకు మాత్రం వాళ్ళ ముఖాలే కనిపిస్తాయి. ఇవతల ఒకరు కూర్చుని రాస్తుంటారని వచ్చిన ప్రతి కుటుంబానికీ ముందే చెప్పి సంతకం తీసుకుంటారు. వాళ్ళు ఐదు నిమిషాల్లో ఆ సంగతి మర్చిపోతారు. తమ మాటలు రికార్డు చేస్తారంటే హడలిపోయేవాళ్ళు కూడా కాగితం మీద రాసుకుంటే ఏమీ అనుకోరు. అందుకే ఎన్ని యంత్రాలు వచ్చినా ఆమె ఉద్యోగం నిలిచింది. కేంద్రంలో అందరూ ఆమెను రాతమ్మ అంటారు. హాజరు పట్టీలో ఉన్న అసలు పేరు ఆమెకే ఒక్కోసారి వేరెవరిదోలా అనిపిస్తుంది.

యాభై ఒకటో ఏడు నడుస్తోంది. సన్నటి మనిషి. ఎప్పుడూ ఒకే చేతికి సంచీ తగిలించుకోవడం వల్ల కుడి భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. మధ్యవేలి మీద కలం ఆనేచోట చింతగింజంత కాయ కాసింది. చప్పుడు చేయని మెత్తటి చెప్పులు వేసుకుంటుంది. కాగితాన్ని నిలువుగా మూడు భాగాలు చేస్తుంది. మొదటిదాంట్లో టైము, రెండోదాంట్లో మనిషి, మూడోదాంట్లో ఆ మనిషి చేసినదీ అన్నదీ. 'తల్లి బాధపడింది' అని రాయదు. 'తల్లి గాజులు పైకీ కిందికీ జరిపింది' అని రాస్తుంది. ఆమె రాతలు చదివి నేర్చుకున్న నలుగురు కుర్రడాక్టర్లు ఇప్పుడు పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో ఉన్నారు.

తొమ్మిదిన్నరకు వచ్చిన మొదటి కుటుంబం ఎప్పుడూ వచ్చేదే. కవలపిల్లల తల్లి. గంటంతా ఆవిడే మాట్లాడింది, కవలలు ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటూ కూర్చున్నారు. రాతమ్మ చెయ్యి రాసుకుపోతూనే ఉంది కానీ మనసు పొద్దుటి దగ్గరే ఆగిపోయింది.

పొద్దున కూతురు తల దువ్వుకుంటూ, అద్దంలోంచే అడిగింది. "చెప్పావా?"

"సాయంత్రం చెప్తాలే."

"బస్సు సాయంత్రం ఆరింటికేనమ్మా."

"తెలుసు. పెందలాడే వచ్చి చెప్తాను."

పంతొమ్మిదేళ్ళ కూతురికి వేరే ఊళ్ళో మందుల తయారీ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఉండటానికి హాస్టలు కూడా చూసుకుంది. నాలుగు రోజుల కిందట తల్లికి చెప్పి, నాన్నకి నువ్వు చెప్పు అంది. ఆ ఇంట్లో నాలుగేళ్ళుగా జరుగుతున్నది అదే. ముందు గదిలో కూర్చుని ఫ్యాను మోటార్లకు రాగితీగ చుట్టే వైండింగ్ పని చేసుకునే తండ్రి, అన్నం తిన్నదేమో కనుక్కో అంటాడు. లోపలి గదిలోంచి కూతురు, తిన్నానని చెప్పు అంటుంది. రెండు గదుల మధ్య పది అడుగులుండవు. ఆ పది అడుగులూ రాతమ్మే నడుస్తుంది. దారిలో మాటలకు కాస్త మెరుగు కూడా పెడుతుంది. 'ఎక్కడ తిరిగొచ్చిందట?' అని ఆయనంటే, 'ఆలస్యమైందని నాన్న కంగారుపడుతున్నారు' అని కూతురికి అందిస్తుంది. కూతురు విసురుగా అన్నది ఆయన దగ్గరికి వచ్చేసరికి మర్యాదగా మారిపోతుంది.

అంతకుముందు వాళ్ళిద్దరూ అలా ఉండేవాళ్ళు కారు. పిల్ల చిన్నప్పుడు రాగితీగ ముక్కలతో ఆయన చేసిచ్చిన ఉంగరాలు వేళ్ళన్నిటికీ పెట్టుకుని తిరిగేది. పదిహేనో ఏట ఒక ఆదివారం బాబాయీ పిన్నీ వచ్చారు. పిల్ల దాచుకున్న నోటుపుస్తకం ఒకటి తండ్రి చేతికి చిక్కింది. అందులో తన గురించి, తన ఒంటి గురించి, క్లాసులో ఒకబ్బాయి గురించి ఏవేవో రాసుకుంది. ఆయన సరదాకే అనుకున్నాడేమో, వచ్చినవాళ్ళ ముందు గొంతు మార్చి రెండు పేజీలు పైకి చదివాడు. బాబాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. పిల్ల గుమ్మంలో నిలబడి రెండు పేజీలూ విని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మనిషితో మాట్లాడలేదు. మొదట్లో ఆయన కసిరాడు, తర్వాత బతిమాలుదామనుకున్నాడు, చివరికి ఆయనా బిగిసిపోయాడు.

ఇలాంటివాళ్ళను రోజుకు నలుగురిని చూసే రాతమ్మ తన ఇంటి సంగతి కేంద్రంలో ఎవరికీ చెప్పలేదు. ఒకసారి మాత్రం, కొత్తగా వచ్చే కుటుంబాలు నింపే ఫారం ఒకటి ఇంటికి తెచ్చి, 'సమస్య ఏమిటి' అన్నచోట కలం పెట్టి చాలాసేపు కూర్చుంది. తరవాత దాన్ని పప్పుల డబ్బా అడుగున పరిచేసింది.

పదకొండింటికి వచ్చినవాళ్ళు ముగ్గురు. తండ్రి దర్జీ, మెడలోని టేపు తీయడం మర్చిపోయి వచ్చాడు. తల్లి ఒళ్ళో పెద్ద చేతిసంచీ పెట్టుకుని కూర్చుంది. పదిహేనేళ్ళ పిల్ల రెండు చేతులూ తొడల కింద దోపుకుని నేల చూపులు చూస్తోంది. తండ్రి తన ఫోను నేలకేసి కొట్టినప్పటి నుంచి ఆ పిల్ల ఐదు నెలలుగా ఆయనతో మాట్లాడటం లేదు. రెండు నెలలుగా బడికీ పోవడం లేదు. ఇది మూడోసారి రావడం. కౌన్సెలర్ మేడమ్ పిల్లను ఏదైనా అడిగితే తల్లి జవాబు చెబుతోంది. తండ్రిని అడిగితే, ఆయన ఉద్దేశం అది కాదండీ అని తల్లే సర్దిచెబుతోంది. పావుగంట చూసి మేడమ్ తల్లితో, మీరు బాగా అలసిపోయారమ్మా, కాసేపు పక్కగదిలో కూర్చుని వీళ్ళను చూడండి అంది. ఆవిడ వెనక్కి వెనక్కి చూస్తూ లేచింది.

చీకటి గదిలోకి రాగానే ఆవిడ తలుపు దగ్గరే ఆగిపోయింది. "ఇక్కడినుంచి అంతా కనిపిస్తుందా?"

రాతమ్మ రెండో స్టూలు ముందుకు జరిపింది. వచ్చినవాళ్ళతో మాట్లాడకూడదని రూలు.

అవతల మేడమ్ తన కుర్చీని గోడ వారకు లాక్కుని మౌనంగా కూర్చుంది. తండ్రీకూతుళ్ళ మధ్య తల్లి కుర్చీ ఖాళీగా ఉంది. దర్జీ ఒకసారి గొంతు సవరించుకున్నాడు. అంతే. పిల్ల ఉలకలేదు, పలకలేదు. రాతమ్మ నిమిషాలు రాసుకుపోయింది. పదకొండూ పంతొమ్మిది, తండ్రి టేపు చుట్టాడు. పదకొండూ ఇరవై ఒకటి, తండ్రి టేపు విప్పాడు. పిల్ల గోడ గడియారం చూసింది.

"ఆయనకి ఎలా మొదలుపెట్టాలో తెలీదండీ," అంది తల్లి పక్కనుంచి, గుసగుసగా. "నేను అందించాలి."

ఐదు నిమిషాలు గడిచేసరికి ఆవిడ ఇక ఉండలేకపోయింది. సంచీ కింద పెట్టి లేచి తలుపు గడియ మీద చెయ్యి వేసింది. అప్పుడు రాతమ్మ కలం వదిలేసి ఆవిడ మణికట్టు పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో ఆలోచించేలోపే పట్టుకుంది.

"కూర్చోండమ్మా. మీరెళ్తే మళ్ళీ మీరే మాట్లాడతారు."

"ఇలాగే ఉండిపోతారండీ వాళ్ళు. వాళ్ళ సంగతి మీకు తెలీదు."

"తెలుసు," అంది రాతమ్మ.

ఆవిడ కూర్చుంది. రాతమ్మ చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి చెమటతో చల్లగా ఉంది. ఎవరి చెమటో తెలియలేదు. అలా ఎంతసేపో. అప్పుడు స్పీకర్లోంచి పిల్ల గొంతు వచ్చింది, చాన్నాళ్ళు వాడక బొంగురుపోయిన గొంతు.

"చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నావు."

దర్జీ కిందికి చూసుకున్నాడు. నిజమే. ఒక అంచు మెడ దాకా ఎక్కి, రెండోది కిందికి వేలాడుతోంది. "అవునే," అన్నాడు. "అందరి గుండీలూ కుట్టేది నేను." ఒక్కొక్కటీ విప్పి మళ్ళీ పెట్టుకుంటూ పోయాడు. మూడో గుండీ దగ్గర మళ్ళీ తప్పాడు. పిల్ల పెదవి ఒక పక్కకు వంకర తిరిగింది. నవ్వనలేం గానీ నవ్వుకు పక్కింటిది.

రాతమ్మ సంతోషంతో పక్కకు తిరిగింది. తల్లి కళ్ళు తుడుచుకుంటోంది.

"నేను లేకపోయినా మాట్లాడుకున్నారు," అంది ఆవిడ. ఆ గొంతులో సంతోషం లేదు. చేతిలో ఉన్నదేదో ఎవరో లాక్కున్నట్టుంది. రాతమ్మ ఆవిడ చెయ్యి వదిలేసింది. నాలుగేళ్ళుగా పది అడుగులూ నడిచింది వాళ్ళ కోసమేనా అన్న ప్రశ్న ఆమెకు అంతవరకూ రాలేదు.

మధ్యాహ్నం మేడమ్ ఆ కాగితాలు చూస్తూ ఒకచోట ఆగింది. నాలుగు నిమిషాలు ఖాళీగా ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళలో రాతమ్మ కాగితంలో ఖాళీ లేదు.

"ఇక్కడేమీ రాయలేదేం రాతమ్మగారూ?"

"చూస్తూ ఉండిపోయానండీ."

మేడమ్ ఆమె వైపు కాస్త ఎక్కువసేపే చూసింది. ఇంట్లో అంతా బాగేనా అని అడిగింది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. బాగేనండీ అనేసి, ఒక గంట ముందు వెళ్ళడానికి అనుమతి అడిగి, సంచీ భుజానికి తగిలించుకుంది.

దారిలో సన్నటి తుంపర మొదలైంది. మూడో అంతస్తు మెట్లెక్కి తలుపు తీసేసరికి ఐదున్నర కావస్తోంది. ముందు గదిలో ఆయన వైండింగ్ చక్రం ముందు కూర్చుని, తలెత్తకుండా తీగ చుట్లు పైకి లెక్కపెడుతున్నాడు. లెక్క మొదలైతే మధ్యలో పలకడు. ఒక్క చుట్టు తప్పినా తీగంతా విప్పాల్సిందే. రాతమ్మ ఆయన్ను దాటుకుని లోపలికి వెళ్ళింది. కూతురు మంచం మీద పెట్టె మూసి, దాని మీద మోకాలు పెట్టి జిప్పు లాగుతోంది.

"చెప్పావా?"

"లేదు. నేను చెప్పను. నువ్వే చెప్పు."

కూతురు చెయ్యి ఆగిపోయింది. "నాలుగేళ్ళు చెప్పావుగా. ఇవాళేమొచ్చింది?"

"ఇవాళ చెప్పానంటే నేను బతికున్నన్నాళ్ళూ నేనే చెప్పాలి."

కూతురు మిగిలిన జిప్పు లాగింది. పెట్టె నిలబెట్టింది. తల్లి వైపు చూడకుండానే అంది. "ఆ రోజు నువ్వు వంటింట్లోనే ఉన్నావు. బయటికి రాలేదు."

నాలుగేళ్ళలో ఆ మాట ఎత్తడం అదే మొదలు.

"రాలేదు," అంది రాతమ్మ. "అంతా విన్నాను. గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. వెళ్తే ఇల్లు రెండవుతుందని భయమేసింది."

"రెండయ్యే ఉందిగా," అంది కూతురు. కోపంగా కాదు, నెమ్మదిగానే. తల్లి నుదుటి మీద అంటుకున్న తడి జుట్టును వేలితో వెనక్కి తోసి, పెట్టె పట్టుకుని ముందు గదిలోకి నడిచింది. రాతమ్మ కూడా వెనకే వెళ్ళి గుమ్మం దాటి నిలబడింది.

"నూట ఎనిమిది. నూట తొమ్మిది."

కూతురు ఆయనకు రెండడుగుల దూరంలో ఆగింది. పెట్టె కింద పెట్టింది.

"నాన్నా."

చక్రం మీద ఆయన చెయ్యి ఒక్క క్షణం తడబడింది. చెవుల దాకా ఎర్రబడ్డాడు. పెదవులు విడివడ్డాయి.

"నూట పది," అన్నాడు ఆయన. "నూట పదకొండు."

అడ్డం వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుందామనుకుంది. పొద్దున ఇంకొకావిడ చెయ్యి పట్టుకుని ఆపిన తను, ఇప్పుడు అడుగు వేయాలో ఆగాలో తెలియక నిలబడిపోయింది. కూతురు నూట ఇరవై దాకా నిలబడింది. తర్వాత పెట్టె ఎత్తుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది. మెట్ల మీద పెట్టె చక్రాలు ఒక్కో మెట్టూ దిగడం, తర్వాత కింద ఆటో కదలడం వినబడ్డాయి.

లెక్క నూట ముప్పై ఆరు దగ్గర ఆగింది.

"ఎక్కడికి వెళ్తోందో కనుక్కో," అన్నాడు ఆయన.

"మిమ్మల్నే పిలిచింది."

"లెక్క తప్పుతుందని…" అన్నాడు. ఆయన చూపు గది చుట్టూ తిరిగి, కూతురి చెప్పులు ఉండాల్సిన చోట ఆగింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ ముఖం చూసి ఆమె నిలవలేకపోయింది. చెప్పనని ఒట్టు పెట్టుకున్న మాట చివరికి ఆమె నోటినుంచే వచ్చింది. వేరే ఊళ్ళో ఉద్యోగమని, ఆరింటికి బస్సని, ఉండటం కూడా ఇక అక్కడేనని చెప్పింది. ఈసారి ఏ మెరుగూ పెట్టలేదు.

ఆయన లేచాడు. ఒళ్ళోని తీగ ముక్కలు నేల మీద రాలాయి. తలుపు వెనక చూసి, "గొడుగు వదిలేసింది," అన్నాడు. దాన్ని చంకలో పెట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగాడు. రాతమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళింది. వాన పెద్దదైంది. అరవయ్యేళ్ళ మనిషి నీళ్ళలో తడబడుతూ బస్టాండు వైపు నడుస్తున్నాడు, మధ్య మధ్య పరిగెత్తబోతున్నాడు.

ఆయన తిరిగొచ్చేసరికి ఆరున్నర దాటింది. బనీను ఒంటికి అతుక్కుపోయింది. గడ్డం కొసనుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె తువ్వాలు ఇచ్చింది.

"బస్సు కదిలిపోయింది," అన్నాడు. కాసేపటికి మళ్ళీ, "అది ఫోన్ చేస్తే చెప్పు…" అని ఆగాడు.

ఆమె ఎదురుచూసింది. ఆయన ఏం చెప్పాలో చెప్పలేదు. తువ్వాలు భుజాన వేసుకుని చక్రం ముందు కూర్చుని, చుట్టిన తీగను మొదటినుంచీ విప్పడం మొదలుపెట్టాడు. ఆమె దీపం వేసి, ఆయన పక్కనే నేల మీద కూర్చుంది.

తలుపు వెనక కొక్కేనికి కూతురి నీలం గొడుగు, చుట్టిన పట్టీ విప్పకుండానే నిలువునా తడిసి, చుక్క చుక్కగా నేల మీదికి కారుతోంది.