గిడ్డయ్యను కొట్టిన చెయ్యి

గిడ్డయ్య కుడిచేతి మణికట్టు విరగ్గొట్టి, ముందుపళ్లు రెండు రాలగొట్టింది ఉరుకుందమ్మ. సాలెకొట్టాలలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. తెల్లవారి వెలుతురులో, వీధి వీధంతా చూస్తుండగా జరిగింది. అయినా నేరం పడింది మాత్రం ఆమె మొగుడు రామలింగప్ప మీద. కర్నూలు సెషన్సు కోర్టులో బోనెక్కిందీ అతనే.

పంతొమ్మిది వందల ముప్పై రెండో సంవత్సరం ఎండాకాలం అది. సాలెకొట్టాల కోడుమూరు దగ్గర చిన్న ఊరు. ఉన్నది ఒకటే వీధి, దానికి రెండు వైపులా మగ్గాల ఇళ్లు. నేతకు ముందు పడుగు దారాలను వీధి పొడుగునా సాగదీసి, కర్రల మీద నిలబెట్టి, గంజి పట్టించి కుంచెలతో దువ్వుతారు. ఎండ ముదిరేలోపల ఆ పని అయిపోవాలి. అంతసేపూ బండ్లు వంకదారిన చుట్టు తిరిగి పోవాలి. తాతల కాలం నుంచీ అదే వాడుక.

గిడ్డయ్య పెద్దరెడ్డి మనిషి. భూములు పెద్దరెడ్డివి, గర్వం గిడ్డయ్యది. మీసాల మీద నిమ్మకాయలు నిలబెట్టేవాడు. ఆ పొద్దు కొత్త ఎద్దులు కట్టిన బండి తోలుకొచ్చి, పడుగు ముందు ఆపి, "తీయండ్రా దారాలు" అన్నాడు.

"తడి పడుగప్పా, కదిలిస్తే చిక్కుపడతాది. వంకదారిన పోతే శానా దూరం కూడా కాదు" అన్నాడు కాశన్న చేతులు కట్టుకుని. కాశన్న అక్కడి సాలెవాళ్లకు కులపెద్ద.

గిడ్డయ్య బండి దిగాడు. మొలలో కొడవలి తీసి పడుగును అడ్డంగా కోసేశాడు. నెలల తరబడి చేసిన పని గాలిలోకి లేచి నేల మీద పడింది. వీధిలో మగవాళ్లందరూ కుంచెలు పట్టుకుని నిలబడ్డారు. కాశన్న "అయ్యో" అన్నాడు, అదీ తనకు మాత్రమే వినబడేటట్లు. కోసిన పడుగు రామలింగప్పది. అతను గంజికుండతో వస్తూ ఆ కోత కళ్లారా చూశాడు. కుండను జాగ్రత్తగా కింద పెట్టి, ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాడు. గంజి ఒక చుక్క కూడా ఒలకలేదు.

ఉరుకుందమ్మ పడుగు రెండో కొసన ఉంది. బిగువుగా ఉన్న దారాలు ఒక్కసారిగా చచ్చినట్టు చేతిలో వాలాయి. ఆమె పడుగు కింద ఆనించిన చింతకర్ర ఊడబీకి నడిచి వచ్చింది. గిడ్డయ్య నవ్వి, కొడవలి మొలలో దోపి, బండి మీది చెర్నాకోల తీసి ఎత్తాడు. మొదటి దెబ్బ ఆ ఎత్తిన మణికట్టు మీద పడింది. వాడు వంగాడు. రెండో దెబ్బ మూతి మీద. "అక్కా, నీ కాళ్లు మొక్కుతా, ఇడ్సు" అంటూ నెత్తురు మూతితో మట్టిలో కూర్చున్నాడు. ఆమె కర్ర పారేసి, తెగిన దారాలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

ఆడదాని చేతిలో దెబ్బతిన్నానని చెప్పుకునే మగవాడైతే గిడ్డయ్యకు ఆ మీసాలెందుకు? పోలీసులకు రామలింగప్ప పేరు రాయించాడు. పెద్దరెడ్డి కూడా అదే నమ్మాడు, లేదా అదే బాగుందనుకున్నాడు.

ఆ సాయంత్రం కాశన్న, కులంలో నలుగురూ రామలింగప్ప ఇంటికి వచ్చారు.

"వాడు అబద్ధం చెప్పి మనకు మేలే చేసినాడు" అన్నాడు కాశన్న. "ఆడమనిషి మొగోణ్ణి కొట్టిందని నాలుగూర్లకు తెలిస్తే, సాలెకొట్టాల మొగోళ్లు గాజులు తొడుక్కున్నారంటారు గదమ్మా."

"తొడుక్కోలేదా మామా? ఆ పొద్దు గలగలమని నాకు ఇనపడెనే."

కాశన్న తల పక్కకు తిప్పుకున్నాడు. రామలింగప్ప గోడకు ఆనుకుని గడగడ వణుకుతున్నాడు. వణుకుతూనే, "నేనే కొట్టినానని ఉండనీ. నిన్ను జైల్లో ఏసేది నేను చూడలేను" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఉరుకుందమ్మకు మొగుడి మీద గౌరవం కలిగిన ఘడియ అది. ఆ గౌరవం ఎక్కువ రోజులు నిలవలేదు.

ఆమె తానే పోయి నిజం చెప్తానంటే పెద్దలు ఒప్పుకోలేదు. ఇప్పుడు నోరు తెరిస్తే ఇద్దరినీ లోపలేస్తారు, చిన్నపిల్లలు ఇద్దరూ వీధిన పడతారని బెదిరించారు. పిల్లల మాట ఎత్తేసరికి ఆమె నోరు మూసుకుంది. మర్నాడు రామలింగప్పను తీసుకుపోయారు. జామీనుకు నిలబడేవాడికి భూమి ఉండాలన్నారు. భూమి ఉన్నవాళ్లు పెద్దరెడ్డి వైపు చూశారు. భూమి లేనివాళ్లు నేల వైపు చూశారు. అతను కర్నూలు జైల్లోనే ఉండిపోయాడు.

ఉరుకుందమ్మ మగ్గం మీద తనే కూర్చుంది. ఆడది మగ్గమెక్కడమేమిటని వీధిలో గొణుక్కున్నారు. గొణిగినవాళ్లెవరూ ఆమె పొయ్యిలో కట్టె పెట్టలేదు. వీలైనప్పుడల్లా జొన్నరొట్టెలు, ఎర్రకారం మూటగట్టుకుని, పిల్లలను పక్కింటి లక్ష్మక్క దగ్గర వదిలి, కర్నూలు పోయేది. దారిలో బండి దొరికితే బండి, లేకపోతే కాళ్లు.

మొదటిసారి రామలింగప్ప కటకటాలు పట్టుకుని ఏడ్చాడు. ఆమె కూడా ఏడ్చింది. రెండోసారి ఏడుపు తగ్గింది. వానలు మొదలయ్యాక పోయినప్పుడు చూస్తే, అతని పైపెదవి మీద మీసం మొలిచింది.

"ఇదేందయ్యా?"

"లోపల అందరూ నన్ను వస్తాదు అంటాండారే" అన్నాడు సిగ్గుపడుతూ. "డోనుపక్క దొంగ ఒకడుండాడు, శానా పెద్ద దొంగ. నాకు బీడీలిస్తాండాడు."

"నువ్వు బీడీ తాగవు గదా."

"ఇప్పుడు తాగుతాండా. ఒక్క దెబ్బకే రెండు పండ్లు రాలినాయంటే వాడు నమ్మలేదు మే. పెద్దరెడ్డి మనిషినా అని మళ్లీ మళ్లీ అడిగినాడు."

"రెండు దెబ్బలు. ఒకటి చేతికి, ఒకటి మూతికి."

రామలింగప్ప అటూ ఇటూ చూసి, "మెల్లగా మాట్లాడు" అన్నాడు.

ఆమె రొట్టెల మూట కటకటాల్లోంచి తోసి వచ్చేసింది. ఆ దారంతా తనలో తను తిట్టుకుంటూ నడిచింది. అయినా మళ్లీ పోయింది, మళ్లీ రొట్టెలు మోసింది. తన దెబ్బకు వాడు కటకటాల్లో ఉన్నాడు. వాడు వెధవ అయినంత మాత్రాన ఆ మాట అబద్ధం కాదు.

కర్నూలులో కులపెద్దలు కుదిర్చిన ప్లీడరు తలపాగా పెద్దది, గొంతు ఇంకా పెద్దది. గిడ్డయ్య బెదిరిన ఎద్దుల బండి మీది నుంచి పడ్డాడని వాదిస్తానన్నాడు. ఉరుకుందమ్మ సాక్ష్యమెక్కి, ఆ సమయంలో మొగుడు ఇంట్లో ఉన్నాడని చెప్పాలన్నాడు.

"ఉండె. అది నిజమే" అంది ఆమె. "మరి కొట్టిందెవరని అడిగితే?"

"ఎవరూ కొట్టలేదని చెప్పు."

"పండ్లు వాటంతటవే రాలినాయా సామీ, చలిజ్వరమొచ్చి?"

ప్లీడరు చిరాకుపడి, "కోర్టులో నిజం చెప్తే కేసు నడవదమ్మా. చెప్పమన్నది చెప్పి దిగు. లేకపోతే నీ మొగుడికి ఏడేండ్లు పడినా పడతాయి" అన్నాడు.

ఏడేళ్లన్న మాట ఆమెకు కొరడాలా తగిలింది. ఇంటికి పోయే దారిలో ఈసారి తిట్లు రాలేదు. లక్ష్మక్క ఇంటికి పోయి, "నేను రాకపోతే పిల్లోళ్లను సూసుకుంటావా అక్కా?" అని అడిగింది. లక్ష్మక్క ఎందుకని అడగలేదు. "సూసుకుంటా" అంది. ఆ వీధిలో ఉరుకుందమ్మకు నచ్చిన మనిషి లక్ష్మక్క ఒక్కతే.

విచారణ రోజు సాలెకొట్టాల సగం కోర్టు వరండాలో చేరింది. గిడ్డయ్య వంకరగా అతుక్కున్న చేతిని ఎదుట పెట్టుకుని సాక్ష్యం చెప్పాడు. పళ్లు లేక మాట ఈలవేసింది. రామలింగప్ప పెద్దపులిలా బండి మీదికి దూకాడన్నాడు. తనంతటి వస్తాదును ఒంటిచేత్తో ఎత్తి కుదేశాడన్నాడు. జడ్జి అరవాయన, తెలుగు బాగానే వచ్చు. బోనులో నిలబడ్డ ముద్దాయిని పైనుంచి కిందికి చూశాడు. నేతకు కూర్చుని కూర్చుని వంగిపోయిన వీపు, రాటంపుల్లల్లాంటి చేతులు, కొత్త మీసం. గిడ్డయ్య పొగిడినకొద్దీ ఆ మీసం కింద చిన్న నవ్వు కూడా వచ్చింది. ఏడేళ్ల శిక్ష ఎదురుగా ఉంటే వాడు మురుస్తున్నాడు! ఉరుకుందమ్మ పళ్లు కొరుక్కుంది.

తర్వాత కాశన్న వచ్చాడు. ఆ పొద్దు దుమ్ము లేచిందనీ, తనకేమీ కనబడలేదనీ ప్రమాణం చేసి చెప్పాడు. గంజినీళ్లతో తడిసిన వీధిలో ఆ దుమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో అతన్ని ఎవరూ అడగలేదు.

ప్లీడరు ఉరుకుందమ్మను పిలిచాడు. "నీ భర్త ఆ సమయంలో ఎక్కడున్నాడమ్మా?"

"ఇంట్లో ఉన్నాడు సామీ, తలుపేసుకుని."

"అంతే, కూర్చో" అన్నాడు ప్లీడరు గబగబా.

"అంతే కాదు. కొట్టింది నేను."

వరండాలో గుసగుసలు లేచాయి. ప్లీడరు తలపాగా సర్దుకున్నాడు. జడ్జి చెయ్యెత్తి, "అమ్మా, నీ మీదికి నేరం తెచ్చే మాట చెప్పాల్సిన పని నీకు లేదు. ఆలోచించుకో" అన్నాడు.

"వానలకు ముందు నుంచి ఆలోచిస్తాండా సామీ. వాడు మా పడుగు కోసినాడు. అడిగే మొగోడు వీధిలో ఒక్కడూ లేకపాయె. చెర్నాకోల ఎత్తితే చేతి మీద కొట్టినా, వంగితే మూతి మీద కొట్టినా. అక్కా ఇడ్సుమంటే ఇడ్సినా. నా మొగుడు చీమను కూడా కొట్టలేడు. ఆయప్పను పంపించి నన్ను ఏసుకోండి."

"అబద్ధం!" అని అరిచినవాడు గిడ్డయ్య కాదు, రామలింగప్ప. "సామీ, నామీది ప్రేమతో చెప్తాండాది!" బంట్రోతు అతని భుజం నొక్కి నోరు మూయించాడు.

జడ్జి గిడ్డయ్యను మళ్లీ పిలిపించాడు. "ఈమె నిన్ను కొట్టిందా?"

గిడ్డయ్య ఉరుకుందమ్మను చూశాడు. ఆమె కళ్లు దించుకోలేదు. అవునంటే, సాలెదాని చేతిలో పళ్లు రాలినవాడని కర్నూలు నుంచి కోడుమూరు దాకా ప్రతి రచ్చలోనూ చెప్పుకుంటారు. కాదు, మొగుడే అనడానికి మళ్లీ ఆ బక్కమనిషి వంక చూశాడు. వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జి ముఖంలోనూ ఏదో కదిలింది. గిడ్డయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"నన్నా? ఆడదా?" అన్నాడు. "లేదు సామీ. ఆడది నన్ను ముట్టుకోలేదు."

"మరి ముద్దాయి?"

"మొగోడే సామీ… ఎవరో మొగోడు. దుమ్ములో సరిగ్గా కనపడలేదు."

కాశన్న లేపిన దుమ్ము వాడికీ పనికొచ్చింది. తీర్పుకు సలహా చెప్పేందుకు జడ్జి పక్కన కూర్చున్న అసెసర్లు ఇద్దరూ నేరం రుజువు కాలేదన్నారు. రామలింగప్పను వదిలేశారు. ఉరుకుందమ్మ మీద కేసు పెట్టేందుకు, ఆమె కొట్టిందని చెప్పే నోరు ఆ కోర్టులో ఆమెది తప్ప ఇంకొకటి లేదు. ఆమె జైలుకు పోవడానికని తన బట్టల మూట తెచ్చుకుంది కూడా. దాన్ని అట్లాగే చంకన పెట్టుకుని బయటికి వచ్చింది.

రామలింగప్ప మెట్ల మీద ఎదురయ్యాడు. "నలుగురిలో నా పరువు తీసినావు" అన్నాడు.

"చీమను కొట్టలేడన్నానా? తప్పే. చీమ గూడ నిన్ను సూసి పారిపోదు."

ఊరికి పోయేదాకా అతను ముందు నడిచాడు, ఆమె వెనక నడిచింది.

ఊరు చేరాక ఉరుకుందమ్మ అనుకున్నది వేరు, జరిగింది వేరు. తన మీద ఉమ్ముతారనుకుంది. ఎవరూ ఉమ్మలేదు. కాశన్న పసుపు కుంకుమలతో, రవికెగుడ్డతో ఇంటికి వచ్చాడు. వెనకాల వీధి వీధంతా వచ్చింది.

"మొగుని కోసం నేరం నెత్తిన ఏసుకున్న తల్లివమ్మా" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఇట్లాంటి పతివ్రత మన కులంలో పుట్టడం మా అదృష్టం."

ఉరుకుందమ్మ ఆయన ముఖంలోకి చూసింది. హాస్యం కాదు. ఆయన నిజంగానే ఏడుస్తున్నాడు.

"మామా, నువ్వు ఆడనే నిలబడి ఉంటివి గదా. నేను కొట్టింది సూస్తివి గదా."

"తెలుసులేమ్మా, నువ్వట్లే అనాల. ఇంటి గుట్టు కాపాడే ఆడది అట్లే అంటాది." వెనకున్నవాళ్లు తలలూపారు. ఆ పొద్దు కుంచెలు పట్టుకుని గుడ్లప్పగించి చూసినవాళ్లే అందరూ.

"పసుపు కుంకుమ పెట్టిపో మామా, కడుపుతో ఉన్న లక్ష్మక్క కోడలికి పనికొస్తాది. రవికెగుడ్డ నువ్వే కప్పుకో, ఆ పొద్దు నుంచి నీకు చలి పుడుతున్నట్టుంది" అంది. కాశన్నకు ఆ మాట కూడా పతివ్రత అణకువలాగే వినబడింది. దీవించి పోయాడు.

తర్వాత రామలింగప్పను చూడటానికి పక్క ఊళ్ల నుంచి జనం వచ్చారు. అరుగు మీద కూర్చోబెట్టి దెబ్బ ఎట్లా కొట్టాడో అడిగేవాళ్లు. మొదట తడబడేవాడు. రానురాను కథ చక్కబడింది, చేతులు తిప్పడం కూడా అలవాటైంది. ఉరుకుందమ్మ లోపల మగ్గం మీద కూర్చుని వినేది. అతను తన చోటు తనకు కావాలని ఒకసారి అడిగాడు. ఆమె లేవలేదు. వస్తాదుకు నేతపనేమిటని, నూలు కండెలు చుట్టుకోమని రాటం చూపించింది. అతను చుట్టాడు.

ఒక మధ్యాహ్నం వచ్చినవాళ్లందరూ పోయాక, రొట్టె పెడుతూ ఆమె అడిగింది.

"ఇప్పుడెవరూ లేరు. నా కండ్లలోకి సూసి చెప్పు. గిడ్డయ్యను కొట్టిందెవరు?"

రామలింగప్ప రొట్టె తుంచాడు. మళ్లీ పళ్లెంలో పెట్టాడు. కిందికే చూస్తూ, "మనం కొట్టినాం లేమ్మే" అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది. కోపంగా నవ్వింది, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. అతను తలెత్తకుండా రొట్టె తింటున్నాడు. ఆమె కారం ఇంకొంచెం వేసి, మగ్గం దగ్గరికి పోయింది.