లిఫ్టు గుంత

భర్తకు మూడోసారి చలిజ్వరం వచ్చిందని తెలిసినప్పుడు ఆమె ఏడవలేదు, కోప్పడనూ లేదు. ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, బల్ల మీద తల వాల్చి కాసేపు అలాగే ఉండిపోయింది. లోపలి గదిలో అతను వణుకుతుంటే మంచం కిర్రు కిర్రుమంటోంది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పడం అయింది. చివరికి ఇస్త్రీకి వచ్చిన ఎవరిదో దళసరి కర్టెను కూడా తెచ్చి పైన కప్పింది.

"మళ్ళీనా?" అంది గోడకు ఆనుకుని కూర్చున్న అత్త.

"మళ్ళీనే."

"చుట్టపుచూపుగా వచ్చిందనుకున్నాను. అద్దెకు దిగినట్టుందే!"

నవ్వే ఓపిక కోడలికి లేదు.

అతన్ని వీధిలో అందరూ పొడుగాయన అంటారు. గుమ్మంలోంచి వంగకుండా లోపలికి రాలేడు. పని ఆగిపోయిన ఓ పెద్ద భవనానికి రాత్రి కాపలా. మొదటిసారి జ్వరం వచ్చినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు సగం మింగి, "ఒళ్ళు తేలికపడిందిగా, ఇంకెందుకు?" అని తక్కినవి అటక మీద పడేశాడు. కొన్నాళ్ళకు అదే జ్వరం తిరిగొచ్చింది. రెండోసారి ఆమె ఊరుకోలేదు. రోజూ ఎదురుగా నిలబడి, మాత్ర మింగాక నోరు తెరిపించి చూసేది.

అప్పట్నుంచీ ఆమెకు ఇల్లే లోకమైంది. నీళ్ళ డ్రమ్ముకు మూత చేయించింది. వారం వారం దాన్ని ఖాళీ చేసి, లోపలంతా పీచుతో రుద్ది, ఎండబెట్టేది. పెరట్లో పడున్న పాత టైర్లను ఈడ్చి పారేసింది. కిటికీకి జాలీ కొట్టింది. మంచానికి దోమతెర కట్టింది.

"ఈ పిల్లకి గిన్నెలో చుక్క నీళ్ళు కనిపిస్తే చాలు, బోర్లించేస్తోంది. నాకు చెమట పడితే నన్నూ ఎక్కడ బోర్లిస్తుందోనని భయంగా ఉంది" అనేది అత్త, వచ్చేపోయే వాళ్ళతో.

ఇంత చేసినా జ్వరం వచ్చింది. ఎక్కడ లోపం జరిగిందో ఆమెకు అర్థం కాలేదు.

ఆసుపత్రిలో సిస్టర్ అతని వేలిమీద సూదితో పొడిచి రక్తం తీసింది. కాసేపటికి ఫలితం చూసి తల పంకించింది.

"మలేరియానే. కిందటిసారి మాత్రలు చివరిదాకా వేసుకున్నాడా?"

"నేనే మింగించాను సిస్టర్. ఒక్కటి మిగల్లేదు."

"తెర?"

"కట్టాం. పొద్దున పడుకోబోయేముందు నేనే చుట్టూ పరుపు కిందకి దోపుతాను."

సిస్టర్ రాస్తున్న కలం ఆపింది. "పొద్దునా?"

"రాత్రి డ్యూటీ కదండీ. పొద్దున్నే వచ్చి పడుకుంటాడు."

"ఈ దోమ తిరిగేది పొద్దుగూకాక అమ్మా. తెల్లారేదాకా కుడుతుంది. పగలు తెరలో పడుకుని, రాత్రి దోమల మధ్యకు పోతున్నాడన్నమాట. అక్కడ ఎక్కడ కూర్చుంటాడు?"

ఆమె భర్త వైపు చూసింది. "కింద సెల్లార్లో" అన్నాడు అతను, పళ్ళు టకటకలాడుతుంటే. "పైన గాలి ఎక్కువ."

"అక్కడ నీళ్ళు నిలిచి ఉన్నాయా?"

అతను కప్పుకున్న దుప్పటిని ముక్కు దాకా లాక్కున్నాడు. ఇంట్లో గిన్నెలు బోర్లించిన రోజులన్నీ ఆమె కళ్ళ ముందు తిరిగాయి.

అతన్ని ఇంట్లో పడుకోబెట్టి, అత్తకు అప్పగించి, మధ్యాహ్నం ఆమె ఆ భవనానికి వెళ్ళింది. సెల్లార్లో సిమెంటు వాసన. స్తంభం పక్కన అతని కుర్చీ, దాని పక్కనే లిఫ్టు కోసం తవ్విన గుంత. నిండా నీళ్ళు. పైనుంచి పడుతున్న వెలుతురులో అడుగు దాకా కనిపిస్తున్నాయి. వంగి చూసింది. నీటి మీద పడుకున్నట్టు తేలుతున్న సన్నటి దోమ పిల్లలు, ఆమె నీడ పడగానే గిలగిలా కొట్టుకుని కిందికి పోయాయి.

సూపర్‌వైజర్ మెట్ల మీద భోజనం డబ్బా మూస్తూ కనిపించాడు. నెరిసిన గడ్డం, మాసిన చొక్కా.

"సార్, ఈ నీళ్ళు తోడించండి. మా ఆయనకు మూడోసారి జ్వరం."

"ఏం చెయ్యనమ్మా! పనాగి ఏడాది దాటింది. ఓనరు ఫోనెత్తడు. నా జీతమే రావట్లేదు."

రోలు వెళ్ళి మద్దెలతో మొర పెట్టుకున్నట్టయింది. ఆమె మెట్టు మీదే కూలబడింది.

"ఇతనొక్కడికే కాదులే" అన్నాడు సూపర్‌వైజర్, ఓదార్చడానికన్నట్టు. "ఇంతకుముందున్న వాచ్‌మన్‌ కూడా జ్వరంతోనే మానేశాడు."

ఆమె తలెత్తింది.

"తెలిసి కూడా మా ఆయన్ని ఆ కుర్చీలోనే కూర్చోబెట్టారా?"

అతను డబ్బా మూత సరిగ్గా పడక మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నాడు.

"ఆ గుంత ఎండేదాకా ఆయన రాడు సార్. ఇంకెవరన్నా వస్తే వాళ్ళకీ చెప్తాను. వీధిలో నేను బట్టలివ్వని ఇల్లు లేదు. ప్రతి గుమ్మంలోనూ చెప్తాను." అరవలేదు. అరిచే శక్తి లేదు. బహుశా అందుకే అతను విన్నాడు.

"మోటారు ఉంది. వైరే కాలిపోయింది" అన్నాడు చివరికి. "రేపటికి చూస్తాను."

మర్నాడు ఆమె బల్ల మీద బట్టలు అలాగే వదిలి బయల్దేరింది. భర్త జ్వరం దిగి, చెమట పట్టి నిద్రపోతున్నాడు. పక్కింటావిడ చూసుకుంటానంది. అత్త ముక్కాలిపీట చంకన పెట్టుకుని వెంటపడింది.

"నువ్వెందుకత్తా, మోకాళ్ళ నొప్పులతో?"

"నా కొడుకుని కరిచిన దోమల పుట్టిల్లు చూడొద్దూ!"

మోటారు దగ్గి, ఆగి, మళ్ళీ దగ్గి నీళ్ళు లాగింది. ఆ నీళ్ళు ఎండిన వీధి కాలవలోకి పారాయి. అడుగున బురదతో కలిసి మిగిలిన నీళ్ళను మోటారు అందుకోలేకపోయింది. సూపర్‌వైజర్ ప్యాంటు మడిచి గుంతలోకి దిగాడు. అతను బకెట్టు అందిస్తే ఆమె పైన అందుకుని పారబోసింది. పీట మీద కూర్చున్న అత్త నోరు ఊరుకోలేదు.

"ఆ మూలన ఇంకా ఉన్నాయి బాబూ! ఇల్లు ఊడ్చినప్పుడు కూడా ఇలాగే మూలలు వదిలేస్తావా?"

"మా ఆవిడ కూడా ఇదే అంటుందమ్మా" అన్నాడు అతను బురదలోంచి. మొదటిసారిగా ఆమెకు నవ్వొచ్చింది. చేతులు మాత్రం భుజాల దగ్గర ఊడిపోతున్నట్టున్నాయి.

గుంత మీద రేకులు కప్పారు. వాన పడితే సందుల్లోంచి నీళ్ళు దిగుతాయని ముగ్గురికీ తెలుసు.

పొడుగాయన మాత్రలన్నీ పూర్తిగా మింగాకే పనికి వెళ్ళాడు. కుర్చీని మొదటి అంతస్తుకు మార్చాడు. పొడుగు చేతుల చొక్కా వేసుకుని, కాలికీ చేతికీ దోమల మందు రాసుకునేవాడు. కునుకు తీసే చోట రెండో తెర కట్టారు. అతని పాదాలు దానికి ఆనుకుంటే దోమలు బయటినుంచే కుట్టేస్తాయని ఆమె కింద ఇంకో బట్ట అతికి పొడుగు పెంచింది. కానీ గుంత సంగతి మాత్రం "చూస్తాలే" అనేవాడు. వానలు మొదలవగానే ఆమే వారం వారం వెళ్ళి రేకు ఎత్తి చూసి, ఊరిన నీళ్ళు తోడి వచ్చేది. ఇస్త్రీ పని, ఇంటి పని, ఆ పైన ఇది.

"నీ ఇంటి గిన్నెలు చాలక ఊరి గిన్నెలు కూడానా?" అని అత్త అంటే, "ఎవరో ఒకరు చెయ్యాలిగా" అని ఊరుకునేది.

ఒక వారం ఒళ్ళంతా పులిసిపోయి ఆలస్యంగా బయల్దేరింది. వెళ్ళేసరికి రేకులు పక్కన పెట్టి ఉన్నాయి. గుంతలోంచి పొడుగాయన తల ఒక్కటే కనిపిస్తోంది.

"రంగు డబ్బాలు బోర్లించి పెట్టమని ఎన్నిసార్లు చెప్పాలి సార్?" అని పైనున్న సూపర్‌వైజర్ మీద కేకలేస్తున్నాడు. "చూడండి, వాటిలోనూ నీళ్ళే!"

ఆమె మెట్టు మీద కూర్చుని గోడకు తల ఆనించింది. బకెట్టు చప్పుడు వింటూ ఎప్పుడు నిద్రపోయిందో తెలియదు.

"లేవవే" అన్నాడు అతను, తడి చేత్తో భుజం తట్టి. "పొద్దుగూకుతోంది, దోమలొస్తాయి. ఇంటికి పో."

"పోతాలే" అంది కళ్ళు తెరవకుండానే. "ఒక్క క్షణం ఉండనీ."

అతను చేతిలో తువ్వాలు విసురుతూ పక్కనే నిలబడ్డాడు.